డ్రెస్డెన్‌లో దిగిన వారం

బుధవారం, అక్టోబర్ 1

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చేసరికి తెల్లారి చాలాసేపయింది. అక్కడి నుంచి డ్రెస్డెన్ నాలుగున్నర గంటల రైలు ప్రయాణం. స్టేషన్ కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. విమానం దిగిన టెర్మినల్ నుంచి సామాను తోసుకుంటూ నడిస్తే చాలు, దూరప్రాంత రైళ్ల ప్లాట్‌ఫారం మీదికి చేరతాం.

ఇంట్లో తంగేడు, గునుగు పూల వాసన ఇంకా పోకముందే బయల్దేరాను. బతుకమ్మ ముగిసీ ముగియకముందే, దసరా పొద్దు రాకముందే పిల్లలు ఇల్లు వదలడం మా హన్మకొండలో ఏ తల్లికీ నచ్చదు. "పండగ చేసుకుని పోతే ఏమైతది బిడ్డా?" అని అమ్మ పదిసార్లు అడిగింది. జర్మనీలో చలికాలపు సెమిస్టర్ అక్టోబర్ 1న మొదలవుతుంది, హాస్టల్ గది ఒప్పందం కూడా ఆ రోజు నుంచే. అమ్మకి అది అర్థమైంది కానీ మనసుకి ఎక్కలేదు. ఎయిర్‌పోర్టులో నా జేబులో పసుపు కుంకుమ పొట్లం పెట్టి, ఇంకేమీ మాట్లాడలేదు.

మా కాలేజీకీ డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీకీ విద్యార్థుల మార్పిడి ఒప్పందం ఉంది. సివిల్ ఇంజనీరింగ్ వాళ్లు ఒక సెమిస్టర్ అక్కడ చదివి రావచ్చు. మ్యూనిక్‌కో ఆహెన్‌కో పెట్టుకోమని సీనియర్లు సలహా ఇచ్చారు. అక్కడ మనవాళ్లు ఎక్కువ, ఉద్యోగాలూ ఎక్కువ. నేను డ్రెస్డెన్ రాయడానికి కారణం ఒక చర్చి. దాని సంగతి శుక్రవారం దగ్గర చెప్తాను.

ఇక్కడి రైళ్లలో టికెట్ వేరు, సీటు రిజర్వేషన్ వేరు. టికెట్ ఉంటే రైలెక్కవచ్చు కానీ సీటు కావాలంటే దానికి విడిగా డబ్బు కట్టాలి. కట్టినవాళ్ల సీటు పైన ఎక్కడి నుంచి ఎక్కడికో చిన్న తెర మీద కనిపిస్తుంది. తెర ఖాళీగా ఉన్న సీట్లో ఎవరైనా కూర్చోవచ్చు. రెండు పెట్టెలు, ఒక బ్యాక్‌ప్యాక్‌తో వచ్చేవాళ్లు ఆ కాస్త డబ్బూ కట్టుకోవడమే మంచిదని నా మాట.

ఫుల్డా దాటాక కొండలు, అడవులు. తర్వాత ఐసెనాఖ్. ఈ రెండింటి మధ్య ఎక్కడో 1990 దాకా రెండు జర్మనీల సరిహద్దు ఉండేది. ముళ్లకంచెలు, కాపలా బురుజులు, కాల్చి చంపే ఉత్తర్వులు. కిటికీకి ముఖం ఆనించి చూశాను. దున్నిన పొలాలు, గాలిమరలు, ఎర్ర పెంకుల ఇళ్లు తప్ప ఏమీ కనపడలేదు. లైప్‌జిగ్ స్టేషన్‌లో పట్టాలు అక్కడితో ఆగిపోతాయి, రైలు వచ్చిన వైపే వెనక్కి బయల్దేరుతుంది. అలవాటున్నవాళ్లు లేచి ఎదుటి సీట్లోకి మారి కూర్చున్నారు. నేను మాత్రం డ్రెస్డెన్‌ దాకా వెనక్కి నడుస్తున్న పొలాల్ని చూస్తూ వచ్చాను.

డ్రెస్డెన్ స్టేషన్‌లో రైలు దిగగానే తలెత్తి పైకప్పు చూశాను. ఈ స్టేషన్ 1898 నాటిది. పాత ఇనుప కమాన్ల మీద ఇప్పుడు అద్దాలకు బదులు టెఫ్లాన్ పూత పూసిన గ్లాస్ ఫైబర్ వస్త్రం గుడారంలా బిగించి ఉంది. డిజైన్ నార్మన్ ఫోస్టర్ సంస్థది, 2006లో పూర్తయింది. మబ్బు పట్టిన పూట కూడా ఆ వస్త్రంలోంచి వెలుగు మెత్తగా ప్లాట్‌ఫారం నిండా పరుచుకుంటుంది. ఆ పనులు జరుగుతున్నప్పుడే, 2002 ఆగస్టులో, వైసెరిట్స్ అనే చిన్న నది తన పాత దారి వెతుక్కుంటూ ఈ స్టేషన్ లోపలికే వచ్చేసింది. వందేళ్ల కిందట ఇంజనీర్లు పక్కకి మళ్లించిన నది అది. నీళ్లకి పాత దారి గుర్తుంటుందని మా ఊరి చెరువుల దగ్గర పెద్దవాళ్లు అనే మాట ఇక్కడా నిజమే.

యూనివర్సిటీ నాకు తోడుగా కేటాయించిన అమ్మాయి ప్లాట్‌ఫారం చివర ఎదురుచూస్తోంది. ఆర్కిటెక్చర్ చదువుతోంది. బౌట్సెన్ దగ్గరి పల్లె వాళ్లది. ఇంట్లో మాట్లాడేది జర్మన్ కాదు, సోర్బియన్. ఈ మూలన దాదాపు 60,000 మంది ఉన్న స్లావ్ జాతి వాళ్లది. బౌట్సెన్‌లో వీధుల బోర్డులు రెండు భాషల్లో ఉంటాయట. "మా అమ్మమ్మతో జర్మన్‌లో మాట్లాడితే ఆమె సమాధానం చెప్పదు" అంది. ఆ ఒక్క మాటతో నాకు ఆమె దగ్గరిదనిపించింది.

పసుపు రంగు ట్రామ్‌లో హాస్టల్‌కి వెళ్లాం. సెమిస్టర్ ఫీజులోనే ట్రామ్‌లకీ బస్సులకీ టికెట్ కలిసి ఉంటుంది. ఎక్కేటప్పుడు ఎవరూ అడగరు, మధ్యలో ఎప్పుడైనా తనిఖీ రావచ్చు. వుంట్ వీధిలో ఎత్తైన హాస్టల్ భవనాలు వరసగా ఉన్నాయి. మాది వాటిలో ఒకటి.

కేర్‌టేకర్ పెద్దాయన గది తాళం ఇచ్చే ముందు ఒక ఫారం తీశాడు. గదిలో ఉన్న ప్రతి వస్తువు పేరు అందులో ఉంది. మంచం, బల్ల, కుర్చీ, దీపం, కిటికీ, తలుపు. ఒక్కొక్కటి చూపిస్తూ గీతలు ఎక్కడున్నాయో, పెచ్చు ఎక్కడ ఊడిందో రాసుకుంటూ పోయాడు. బల్ల అంచున అగ్గిపుల్లంత గీత కనపడితే దాన్నీ రాశాడు. కింద ఇద్దరం సంతకాలు చేశాం. గది ఖాళీ చేసే రోజు మళ్లీ ఇదే కాగితం తీస్తారు. నాకు ముందు ఉన్నవాళ్లు పెట్టిన గీత నా మీద పడదు. మన దగ్గర అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ గురించి జరిగే గొడవలు గుర్తొచ్చి, ఈ ఒక్క కాగితం మన ఊళ్లకూ వస్తే ఎంత బాగుంటుందో అనుకున్నాను.

తర్వాత పోస్ట్ డబ్బా. హాస్టల్ డబ్బా మీదా, ఇంటి గంట పక్కనా ఉండాల్సింది గది నంబరు కాదు, ఇంటిపేరు. ఇంటిపేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్, పన్ను నంబరు అన్నీ ఈ దేశంలో ఇంకా ఉత్తరాల్లోనే వస్తాయి. బడిలో, కాలేజీలో ఒక్క అక్షరంగా పేరు ముందు కూర్చున్న మా ఇంటిపేరు మొదటిసారి పూర్తిగా, పెద్ద అక్షరాల్లో డబ్బా మీదికెక్కింది. దాని ఫోటో తీసి నాన్నకి పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేశారు. "తాత చూస్తే సంబరపడేటోడు" అన్నారు, కొంచెంసేపు ఆగి.

సామాను సర్దుతుంటే నాకు తోడొచ్చిన అమ్మాయి తన సంచిలోంచి గుండ్రటి రొట్టె, చిన్న ఉప్పు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. కొత్త ఇంట్లో చేరినవాళ్లకి రొట్టె, ఉప్పు ఇవ్వడం ఇక్కడి ఆచారం. ఇంట్లో తిండికి ఎప్పుడూ లోటుండకూడదని. మన గృహప్రవేశంలోనూ ఉప్పూ పసుపూ లోపలికి పోతాయి కదా. నేను అమ్మ ఇచ్చిన పొట్లం తీసి ఆ ఉప్పు డబ్బా పక్కన పెట్టాను. ఎందుకని అడిగింది. చెప్పాను. వచ్చే వేసవిలో తన అన్న పెళ్లి సోర్బియన్ పద్ధతిలో జరుగుతుందని, అక్కడ ఇంకెన్ని ఆచారాలున్నాయో తనూ చెప్పుకుంటూ పోయింది. రాత్రి ఆ రొట్టెనే అమ్మ పెట్టిన కొబ్బరి కారంతో తిన్నాను. రొట్టె గట్టిగా, కొంచెం పుల్లగా ఉంది. కారానికి ఆ పులుపు బాగా కలిసింది.

గురువారం, అక్టోబర్ 2

ఆఫీసు పనులన్నీ పొద్దున్నే. కొత్తగా వచ్చినవాళ్లు రెండు వారాల్లోపు సిటీ ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవాలి. హాస్టల్ వాళ్లు ఇచ్చిన నివాస ధ్రువీకరణ, పాస్‌పోర్టు చూపిస్తే పది నిమిషాల పని. ఆ కాగితం లేకపోతే మిగతా ఏ పనీ కదలదు. అందుకే వచ్చేవాళ్లు విమానం టికెట్ కొన్న రోజే దీని అపాయింట్‌మెంట్ కూడా ఆన్‌లైన్‌లో చూసుకోవాలి.

అక్కడి నుంచి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లాను. కార్డు తీసుకున్నాక అక్కడి ఉద్యోగిని "మాయా పుస్తకం చూశావా?" అని అడిగింది. లైబ్రరీలోనే ఒక చీకటి గది ఉంది. అందులో అద్దం వెనక చెట్టుబెరడు కాగితం మీద రాసిన మాయా జాతి వాళ్ల పుస్తకం. స్పానిష్ వాళ్లు తగలబెట్టగా ప్రపంచంలో మిగిలినవి నాలుగే, అందులో ఒకటి ఇది. మడతలు విప్పితే మూడున్నర మీటర్ల పైనే ఉంటుంది. 1739లో ఈ లైబ్రరీ కోసం వియన్నాలో కొన్నారు. దీనిలోని పంచాంగం లెక్క విప్పింది కూడా ఈ లైబ్రరీలో పనిచేసిన అధికారే, ఎర్న్‌స్ట్ ఫ్యోర్‌స్టెమాన్, 1880ల్లో. శుక్ర గ్రహం ఎప్పుడు ఉదయిస్తుందో, గ్రహణాలు ఎప్పుడొస్తాయో అన్నీ అందులో ఉన్నాయి. కొన్ని పేజీల్లో రంగు చెదిరి, బొమ్మలు అలుక్కుపోయి ఉన్నాయి. 1945లో, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, ఊరి మీద బాంబు దాడులు జరిగినప్పుడు నీళ్లలో తడిసిందట. ఈ ఊళ్లో ఏ వస్తువు దగ్గర నిలబడినా 1945 ఎక్కడో ఒక మూల తగులుతుందని అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం రెండున్నరకి ఇంటికి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం ఆరు. ఇప్పుడు తేడా మూడున్నర గంటలు, అక్టోబర్ చివర్లో గడియారాలు మారితే నాలుగున్నర అవుతుంది. దసరా. నాన్న కొత్త చొక్కాలో ఉన్నారు, చేతిలో జమ్మి కొమ్మ. వాడకట్టులో పిల్లలంతా ఒక్కొక్కరే వచ్చి ఆయన చేతిలో ఆకులు పెట్టి కాళ్లకి దండం పెడుతున్నారు. తమ్ముడు పొద్దున పొలాల వైపు పోయి పాలపిట్టని చూసొచ్చాడు, ఇప్పుడు ఉర్సుగుట్ట రంగలీల మైదానానికి రావణ దహనం చూడ్డానికి బయల్దేరుతున్నాడు. "బంగారం అక్కడికి ఎట్ల పంపాలె?" అని నానమ్మ ఫోన్‌ దగ్గరగా పెట్టుకుని జమ్మి ఆకుని కెమెరాకే ఆనించింది. తెర అంతా పచ్చగా అయిపోయింది. నేను ఇక్కడి నుంచే దండం పెట్టాను. పెట్టాక చాలాసేపు గది బయటికి రాలేకపోయాను.

సాయంత్రం సామాన్లు కొనాలి. శుక్రవారం జాతీయ సెలవు, ఆదివారం ఎలాగూ అన్నీ మూతే. బియ్యం, కందిపప్పు, పెరుగు, ఉల్లిగడ్డలు తెచ్చుకున్నాను. మంచినీళ్ల సీసాలు మాత్రం కొనక్కర్లేదు, కుళాయి నీళ్లే తాగుతారు. ప్లాస్టిక్ సీసాలో ఏదైనా పానీయం కొంటే చాలావాటికి 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు. ఖాళీ సీసా షాపులోని యంత్రంలో వేస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. అందుకే వీధుల్లో సీసాలు కనపడవు. ఎవరైనా పారేసినా ఇంకెవరో ఏరుకుంటారు. చెత్తబుట్ట పక్కన సీసా నిలబెట్టి పోవడం ఇక్కడ ఒక మర్యాద, ఏరుకునేవాళ్లు చెత్తలో చెయ్యి పెట్టే పని లేకుండా.

శుక్రవారం, అక్టోబర్ 3

రెండు జర్మనీలు కలిసిన రోజు, 1990 అక్టోబర్ 3. ఊరంతా సెలవు. స్టేషన్ నుంచి పాత బస్తీ వైపు ప్రాగర్ వీధిలో నడుచుకుంటూ వెళ్లాం. షాపులన్నీ మూసి ఉన్నాయి, వీధి విశాలంగా ఖాళీగా ఉంది. ఆ అమ్మాయి వాళ్ల నాన్న 1989 అక్టోబర్‌లో ఇక్కడే ఉన్నాడట, అప్పుడు ఇరవై రెండేళ్లు. ప్రాగ్‌లో పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయంలో చేరిన తూర్పు జర్మన్లని పశ్చిమ జర్మనీకి తీసుకెళ్లే రైళ్లు డ్రెస్డెన్ స్టేషన్ మీదుగా పోయాయి. ఆ రైళ్లెక్కాలని వేలమంది స్టేషన్‌కి వచ్చారు, పోలీసులు లాఠీలతో, నీళ్ల ఫిరంగులతో తరిమారు. అక్టోబర్ 8 రాత్రి ఇదే ప్రాగర్ వీధిలో పోలీసులు చుట్టుముట్టినప్పుడు గుంపులోంచి ఇరవై మంది ప్రతినిధులుగా ముందుకొచ్చి నగర పాలకులతో మాట్లాడతామన్నారు. మర్నాడు మేయర్ వాళ్లతో కూర్చున్నాడు. రక్తపాతం లేకుండా ఆ నిరసన సాగిపోయింది. తన నాన్న ఆ ఇరవైలో లేడని, గుంపులో వెనక ఎక్కడో నిలబడ్డాడని, ఇప్పటికీ ఆ రాత్రి గురించి కళ్లు తడవకుండా చెప్పలేడని అంది.

నోయ్‌మార్క్ట్ చౌరస్తాలోకి తిరగ్గానే ఫ్రావెన్‌కిర్షె చర్చి ఎదురుగా నిలబడింది. నేను వచ్చింది దీని కోసం.

చిన్నప్పుడు మా ఇంటి నుంచి వేయిస్తంభాల గుడికి నడిచే పోయేవాళ్లం. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. గుడికి ఎదురుగా ఉండాల్సిన కల్యాణ మండపం మాత్రం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ లేదు. కుంగిపోతోందని 2006లో దాన్ని విప్పి, మళ్లీ కట్టడానికని రాళ్లకి నంబర్లు వేసి పక్కన పరిచారు. నాకు గుర్తున్న మండపం అంటే ఆ నంబర్లున్న రాళ్లే. వాటి మధ్య దాగుడుమూతలు ఆడేవాళ్లం. స్తంభం ముక్క మీద కూర్చుని పులిహోర తినేవాళ్లం. ఆ నంబర్లేమిటని నాన్నని అడిగితే "ఏ రాయి ఎక్కడిదో గుర్తు" అన్నారు. ఎవరు కడతారు, ఎప్పుడు కడతారు అంటే ఆయనకీ తెలీదు. నేను సివిల్ తీసుకోవడానికి పునాది ఆ రాళ్లే. 2024 మార్చిలో శివరాత్రి రోజు మండపాన్ని మళ్లీ తెరిచినప్పుడు అందరితో పాటు నేనూ వరసలో నిలబడ్డాను.

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఒక మేడమ్ కూలిన కట్టడాల పునర్నిర్మాణం గురించి చెప్తూ ఫ్రావెన్‌కిర్షె ఫోటో చూపించారు. లేత రంగు గోడ మీద అక్కడక్కడా నల్లటి రాళ్లు. నల్లవి పాతవి, లేతవి కొత్తవి అన్నారు. ఆ రోజే అనుకున్నాను ఇది చూడాలని.

ఇప్పుడు దాని ముందు నిలబడ్డాను. జార్జ్ బేర్ అనే వడ్రంగి మేస్త్రి దీన్ని 1726లో మొదలుపెట్టాడు. 1738లో చనిపోయాడు, అప్పటికి ఇంకా పూర్తి కాలేదు. 1743లో పూర్తయింది. గోపురం కూడా అడుగు నుంచి కొస దాకా రాతిదే, సుమారు 12,000 టన్నుల బరువు. 1945 ఫిబ్రవరి 13 రాత్రి బ్రిటిష్ విమానాలు, మర్నాడు అమెరికా విమానాలు ఊరి మీద బాంబులు వేశాయి. 25,000 మంది దాకా చనిపోయారని తర్వాతి చరిత్రకారుల సంఘం తేల్చింది. చర్చి రెండు రోజులు మంటల మధ్య నిలబడింది. వేడికి రాతి స్తంభాలు బలం కోల్పోయి 15వ తేదీ ఉదయం కూలింది. ఒక మెట్ల బురుజు, వెనక గోడలో కొంత భాగం మాత్రం మిగిలాయి.

తర్వాత దాదాపు 48 ఏళ్లు ఆ రాళ్లగుట్ట ఊరి నడిబొడ్డున అలాగే ఉంది. 1980ల్లో ప్రతి ఫిబ్రవరి 13న కుర్రవాళ్లు అక్కడ కొవ్వొత్తులు పట్టుకుని నిలబడేవాళ్లు. 1990 ఫిబ్రవరిలో ఊరి పౌరులు కొందరు ప్రపంచానికి ఒక విజ్ఞప్తి చేశారు, చర్చిని మళ్లీ కట్టడానికి సాయం చెయ్యమని. ఖర్చు సుమారు 18 కోట్ల యూరోలు, అందులో సగానికి పైన జనం ఇచ్చిన విరాళాలే. 1993లో గుట్టని విప్పడం మొదలుపెట్టి, ఒక్కో రాయి ఎక్కడ పడిందో కొలిచి, ఫోటో తీసి, నంబరు వేసి, అరల్లో పేర్చారు. ఏ రాయి పైనుంచి ఎలా దొర్లి ఉంటుందో లెక్కగట్టి దాని పాత స్థానం వెతికారు. 2005 అక్టోబర్ 30న చర్చి మళ్లీ తెరుచుకుంది.

దగ్గరికెళ్లి గోడ తాకాను. ఎల్బే ఒడ్డు కొండల్లోని ఇసుకరాయి. దీనిలో ఇనుము ఉంటుంది, గాలికి ఏళ్ల తరబడి నల్లబడుతుంది. అంటే ఆ నలుపంతా మంటల మసి కాదు, వయసు. ఈ కొత్త రాళ్లూ ఒకనాటికి నల్లబడతాయి, అప్పుడు ఏది పాతదో ఏది కొత్తదో తెలియదు. పాత రాయికీ కొత్త రాయికీ మధ్య సందు ఒక్కో చోట ఒక్కోలా ఉంది. కాలిన రాయి అంచులు అరిగిపోయాయి, దాన్ని చెక్కి సరిచేయకుండా కొత్త రాయినే దానికి తగ్గట్టు మలిచారు. అది చూసి గోడకి చెయ్యి ఆనించే ఉంచాను.

లిఫ్టులో కొంత దూరం, తర్వాత గోపురం రెండు పొరల మధ్య చుట్టూ తిరిగే వాలుదారిలో పైకెక్కాం. 67 మీటర్ల ఎత్తున బాల్కనీ. కింద ఎల్బే నది, దూరంగా కొండలు. తలెత్తితే పైన బంగారు సిలువ. దాన్ని లండన్‌లో ఒక కంసాలి చేశాడు, అలన్ స్మిత్. ఆయన తండ్రి ఈ ఊరి మీద బాంబులు వేసిన బ్రిటిష్ పైలట్లలో ఒకరు.

మన మండపం గురించి ఒక మాట చెప్పాలి. పని బాగానే చేశారు, స్తంభాలు నిటారుగా నిలబడ్డాయి. బాధల్లా ఏమిటంటే, ఆ పద్దెనిమిదేళ్లూ ఆ రాళ్ల పక్కన ఒక్క బోర్డు లేదు. ఏ రాయి ఎక్కడిది, ఎందుకు విప్పారు, పని ఎంతవరకు వచ్చింది అని ఎవరూ మాకు చెప్పలేదు. ఇక్కడ రాళ్ల అరలు చూడటానికే జనం వచ్చేవాళ్లట. కట్టుబడి నడుస్తున్నంత కాలం ఊరివాళ్లు అది తమ పని అనుకున్నారు. మా వాడకట్టు పిల్లలకి ఒక మేస్త్రీ వచ్చి వారానికోసారి అరగంట చెప్పి ఉంటే, ఇవాళ హన్మకొండలో రాతి పని నేర్చినవాళ్లు ఎంతమంది ఉండేవాళ్లో.

శనివారం, అక్టోబర్ 4

నది ఒడ్డున నడక. పాత బస్తీ దాటగానే కరోలా వంతెన ఉండాలి. లేదు. 1971లో పూర్తయిన కాంక్రీట్ వంతెన, పక్కపక్కనే మూడు వరసలు. 2024 సెప్టెంబర్ 11 తెల్లవారుజామున మూడు గంటలకి ట్రామ్ పట్టాలున్న వరసలో 100 మీటర్ల ముక్క నదిలో కూలింది. కొన్ని నిమిషాల ముందే చివరి ట్రామ్ దాటిపోయింది. ఒక్క ప్రాణమూ పోలేదు. మిగిలిన రెండు వరసల్నీ తర్వాత పడగొట్టేశారు. ఆ పనుల్లో నది అడుగున 1945 నాటి పేలని బాంబులు బయటపడ్డాయి. మొన్న ఆగస్టులో ఒకటి దొరికినప్పుడు 17,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు.

కూలడానికి కారణం పరిశోధించింది మా యూనివర్సిటీ ప్రొఫెసర్ ష్టెఫెన్ మార్క్స్. కట్టే రోజుల్లోనే కాంక్రీట్ లోపలి ఉక్కు తీగల్లోకి హైడ్రోజన్ చేరి సన్నటి పగుళ్లు మొదలయ్యాయి. అవి యాభై ఏళ్లలో మెల్లగా పెరిగాయి. బయటి నుంచి ఎంత తనిఖీ చేసినా కనపడని పగుళ్లు. నది రెండు ఒడ్ల మధ్య ఆ ఖాళీ చూస్తుంటే, తరగతిలో 'స్ట్రెస్ కరోజన్' అని ఒక్క వాక్యంలో రాసుకుని దాటేసిన పాఠం గొంతుకి అడ్డం పడింది.

ఇంకా పైకి నడిస్తే వాల్డ్‌ష్లోస్షెన్ వంతెన. ఎల్బే లోయని 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ లోయకి అడ్డంగా వంతెన కట్టొద్దని చెప్పింది. ఊళ్లో 2005లో ఓటింగ్ పెడితే మూడింట రెండొంతుల మంది వంతెనే కావాలన్నారు. 2009లో యునెస్కో డ్రెస్డెన్ పేరు జాబితాలోంచి తీసేసింది. వంతెన 2013లో తెరుచుకుంది. మధ్యలో ఒక చిన్న గబ్బిలం జాతి కోసం కోర్టు కేసు కూడా నడిచింది. ఆ గబ్బిలాల కోసమే వేసవి రాత్రుళ్లు వంతెన మీద వేగం గంటకి 30 కిలోమీటర్లు.

మా రామప్పకి 2021లో ఆ గుర్తింపు వచ్చినప్పుడు మా ఊళ్లో టపాసులు కాల్చారు. నేను పుట్టిన ప్రాంతం దాని కోసం అంత ఎదురుచూస్తే, ఒక ఊరు దాన్ని చేతులారా వదులుకోవడం నాకు మింగుడు పడలేదు. వంతెన చెడ్డదేమీ కాదు. గడ్డిమైదానాల మీద తక్కువ ఎత్తులో, పొందిగ్గా కట్టారు. దాని మీద నిలబడితే ట్రాఫిక్ ఎంత ఉందో తెలుస్తోంది, ఇప్పుడు కరోలా లేకపోవడంతో ఇంకా పెరిగింది. అయినా సొరంగం తవ్వమని అప్పుడు చాలామంది అడిగారు, ఆ దారి పట్టాల్సింది అనే నా అభిప్రాయం. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ఊరు అక్కడ బతికేవాళ్లది, జాబితాది కాదు అంది. ఒడ్డున కూర్చుని చీకటి పడేదాకా వాదించుకున్నాం, ఇద్దరం మాట మార్చుకోలేదు. ఈ వారంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సాయంత్రం అదే.

ఆదివారం, అక్టోబర్ 5

బట్టలు ఉతకడం, వంట. ఆదివారం ఇక్కడ డ్రిల్లింగ్ మిషన్ వాడకూడదు, గాజు సీసాలు డబ్బాలో వేయకూడదు, చప్పుడవుతుందని. మా అంతస్తు వంటగదిలో హనోయ్ నుంచి వచ్చిన అమ్మాయి పరిచయమైంది. వాళ్ల మేనమామ 1980ల్లో తూర్పు జర్మనీకి కార్మికుడిగా వచ్చి ఈ ఊళ్లోనే ఫ్యాక్టరీలో పనిచేశాడట. పప్పుచారు, అన్నం పెట్టాను. రెండోసారి వేయించుకుంది. రాత్రి అమ్మ "తిన్నవా బిడ్డా?" అంటే "నేను వండింది ఇంకొకరు కూడా తిన్నరు" అన్నాను. అమ్మ ఫోన్‌లోనే మురిసిపోయింది.

సోమవారం, అక్టోబర్ 6

సివిల్ ఇంజనీరింగ్ వాళ్ల పాత భవనం ఉన్న వీధి పేరు జార్జ్ బేర్ వీధి. చర్చి కట్టిన ఆ వడ్రంగి పేరే. పొద్దున కొత్తవాళ్లకి స్వాగత కార్యక్రమం అయ్యాక మా గ్రూపుని నిర్మాణాల పరీక్షల ల్యాబ్‌కి తీసుకెళ్లారు. ఆ ల్యాబ్ ఓట్టో మోర్ పేరు మీద ఉంది. మన దగ్గర సివిల్, మెకానికల్ చదివిన ప్రతివాళ్లూ వస్తువు లోపలి ఒత్తిళ్లు లెక్కగట్టడానికి పరీక్షలో కంపాస్ పట్టుకుని గీసిన మోర్స్ సర్కిల్ ఆయనదే. 1873 నుంచి 1900 దాకా ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పి, 1918లో ఇక్కడే కన్నుమూశాడు. పుస్తకంలో ఒక గుండ్రటి గీతగా ఉన్న మనిషి ఒక్కసారిగా వీధులున్న, ఇల్లున్న మనిషయ్యాడు.

ల్యాబ్‌లో ఇనుప చువ్వల బదులు కార్బన్ వలతో పోసిన కాంక్రీట్ పలకలు చూపించారు. చేతిలో పట్టుకోగలిగేంత పల్చన. కార్బన్ తుప్పు పట్టదు కాబట్టి దాన్ని కాపాడటానికి చుట్టూ మందంగా కాంక్రీట్ పోయనక్కర్లేదు, సిమెంటు చాలా మిగులుతుంది. ఇలా కట్టిన మొదటి పూర్తి భవనం, క్యూబ్, క్యాంపస్ పక్కనే ఉంది, 2022లో పూర్తయింది. ఉక్కు లోపలి పగుళ్లతో కూలిన వంతెనని శనివారం చూసి వచ్చినవాళ్లకి ఆ పలక బరువు వేరేలా తెలుస్తుంది.

అక్కడి పరిశోధకుడొకరు ఎవరెవరు ఎక్కడి నుంచి అని అడిగారు. హన్మకొండ అంటే తెలియలేదు. కాకతీయుల గుళ్లు, గుంత తవ్వి ఇసుక నింపి దాని మీద పునాది వేసే పద్ధతి అని చెప్పాను. ఇసుక పెట్టె అనగానే ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎంత లోతు, ఇసుక పొడిదా తడిదా, భూకంపం వస్తే ఎలా, మండపం ఏ వైపుకి కుంగింది అని వరసగా అడిగారు. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి రాసుకున్నాను. నవంబర్‌లో వాళ్ల సెమినార్‌లో ఇరవై నిమిషాలు దీని మీద మాట్లాడమన్నారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చునే తమ్ముడికి మెసేజ్ పెట్టాను. రేపు పొద్దున కాలేజీకి పోయే ముందు వేయిస్తంభాల గుడికి పోవాలి, మండపం నాలుగు వైపులా స్తంభాల అడుగు భాగాల ఫోటోలు తీయాలి, పక్కన స్కేలు పెట్టి మరీ. పాత నంబర్లు ఎక్కడైనా ఇంకా కనపడితే అవి కూడా. ఆ పనిలో ఉన్న స్థపతుల్లో ఎవరైనా మాట్లాడతారేమో ఆర్కియాలజీ ఆఫీసులో అడగమని కూడా రాశాను. వాడు వెంటనే "స్కేలు ఎంత పొడుగుది కావాలె?" అని అడిగాడు. మీటరుది తీసుకుపొమ్మన్నాను.